మెతుకు పెట్టి కట్టిన గుడి
(మెదక్ చర్చి చరిత్ర – లోపలి అలంకరణ)



మనలో చాలామందిమి చెంగిచెర్ల నుంచి ఉప్పల్ మీదుగా సికింద్రాబాద్‌కు కోచింగ్ కోసమో, పుస్తకాల కోసమో, రైలు కోసమో వెళ్తూనే ఉంటాం. సరోజినీ దేవి రోడ్డులో నడిచేటప్పుడు సెయింట్ మేరీస్ చర్చి కనిపిస్తుంది. ఎన్నిసార్లు దాని ముందు నుంచి పోయామో లెక్క లేదు. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. ఎవరూ వద్దని అనలేదు. "మనం పోవచ్చో లేదో" అనే జంకు మాత్రమే. చరిత్ర చదువుతున్న వాళ్ళం, పరీక్షలో కట్టడాల గురించి నాలుగు పేజీలు రాసే వాళ్ళం, కళ్ళ ముందున్న కట్టడం గడప దాటలేదంటే సిగ్గుపడాల్సిన విషయమే.

అందుకే పాత హాస్టల్ మిత్రులం నలుగురం కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాం. మన ప్రాంతంలో బ్రిటిష్ కాలంలో కట్టిన చర్చిల గురించి ముందు చదవాలి, తర్వాత ఒకదాన్ని దగ్గరగా చూసి రావాలి. చదవడం సికింద్రాబాద్ చర్చిలతో మొదలైంది. చూడటం మాత్రం మెదక్‌లో జరిగింది. ఎందుకలా జరిగిందో ఈ వ్యాసంలో చెబుతాం.

సికింద్రాబాద్ చర్చిలు ఎవరి కోసం?

సికింద్రాబాద్ పుట్టుకే దండు నుంచి. నిజాంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడ బ్రిటిష్ సైన్యం మకాం వేసింది. సైన్యం ఉన్న చోట బారకులు, ఆసుపత్రి, సమాధుల తోట, వాటితో పాటు చర్చి వచ్చాయి. మారేడ్‌పల్లి వైపు ఉన్న సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. జంట నగరాల్లోని చర్చిల్లో దీన్నే అన్నిటికంటే పాతదిగా చెబుతారు. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిని విక్టోరియా రాణి తన సొంత డబ్బుతో 1847లో కట్టించింది. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి భారత పర్యటనకు వచ్చినప్పుడు ఆ చర్చికి వెళ్ళింది. మనం రోజూ చూసే సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తయింది. 2008లో పోప్ దానికి బసిలికా హోదా ఇచ్చారు. తిరుమలగిరిలోని ఆల్ సెయింట్స్ చర్చి 1860 నాటిది.

వీటిలో ఎక్కువ భాగం సైనికుల కోసం, అధికారుల కుటుంబాల కోసం కట్టినవి. ఇటువంటి దండు చర్చిల గోడల మీద పాలరాతి ఫలకాలు, ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఫలానా రెజిమెంటుకు చెందిన ఫలానా కెప్టెన్ ఇక్కడ చనిపోయాడు, అతని తోటి అధికారులు ఈ ఫలకం పెట్టించారు అని వాటి మీద రాసి ఉంటుంది. అంటే ఆ గోడలు కూడా ఒక రకమైన రికార్డు పుస్తకాలే. అయితే ఆ పుస్తకంలో పేరు రాయించుకున్నది దొరలే. సున్నం దంచినవాళ్ళ పేర్లు, రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు అందులో ఉండవు.

ఇదంతా చదువుతుండగా మాకు ఒక పాదిరి కథ దొరికింది. అదే మమ్మల్ని మెదక్ బస్సు ఎక్కించింది.

దండు నుంచి పల్లెకు

ఆయన పేరు చార్లెస్ వాకర్ పోస్నెట్. వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. మొదట తిరుమలగిరి దండులో బ్రిటిష్ సైనికులకు పాదిరిగా పని చేశాడు. కొద్ది కాలానికే అది వదిలి పల్లెల వైపు వెళ్ళి మెదక్‌లో స్థిరపడ్డాడు. సైనికుల పాదిరి పల్లె పాదిరి అయ్యాడన్నమాట. దండులో ఆయన మాట వినేవాళ్ళకు జీతం, రేషన్, బూట్లు ఉండేవి. మెదక్‌లో ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళకు వాన పడితేనే తిండి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ధరలు పెరిగాయి. కరువు, అంటురోగాలు పల్లెలను పట్టి పీడించాయి. 1918లో దేశమంతటా వానలు తప్పాయి. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా జ్వరం కోటిమందికి పైగా భారతీయులను పొట్టన పెట్టుకుంది. అటువంటి కాలంలో, 1914 నుంచి 1924 వరకు పదేళ్ళ పాటు, మెదక్ చర్చి కట్టుబడి సాగింది. ఆకలితో ఉన్నవాళ్ళకు ఊరికే తిండి పంచకుండా పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టారు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే 'పనికి ఆహారం'. మన పెద్దవాళ్ళ భాషలో కరువు పని.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. లక్నోలోని బడా ఇమాంబాడాను నవాబు అసఫుద్దౌలా 1784లో కరువు బాధితులకు పని చూపించడానికే మొదలుపెట్టాడు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. ఆకలిగొన్న మనిషి చేయి చాచకుండా, పని చేసి తిన్నానని చెప్పుకోగలగాలి. మెదక్ అనే పేరు 'మెతుకు' నుంచి వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట ప్రకారం చూస్తే ఈ చర్చి మెతుకు సీమలో మెతుకు పెట్టి కట్టిన గుడి.

ఇందులో రెండో వైపు కూడా చెప్పాలి. మిషన్ వాళ్ళ ఉద్దేశాల్లో మతప్రచారం కూడా ఉంది. ఆకలి వేళ పెట్టిన అన్నాన్ని ఆ కోణంలో విమర్శించేవారు ఉన్నారు. చరిత్ర విద్యార్థులుగా మనం రెండు మాటలూ వినాలి. అయితే ఆ పదేళ్ళలో పొయ్యి మీదికి ఎసరు ఎక్కిన ఇళ్ళకు ఆ పని ఎంత విలువైనదో కరువు చూసిన కుటుంబాలకు వేరే చెప్పనవసరం లేదు.

కట్టడం కొలతలు

1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, చర్చిని ప్రతిష్ఠించారు. 2024 డిసెంబరులో వందేళ్ళు నిండాయి. నమూనా తయారు చేసింది ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ అనే సంస్థ. శైలి గోథిక్ పునరుజ్జీవన శైలి. మొన తేలిన కమానులు, నిటారుగా పైకి లేచే గీతలు, పెద్ద పెద్ద కిటికీలు దీని గుర్తులు.

పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల 5000 మంది వరకు పడతారని చెబుతారు. మేము అక్కడే నిలబడి ఒక లెక్క వేశాం. 200ను 100తో గుణిస్తే 20,000 చదరపు అడుగులు. దాన్ని 5000తో భాగిస్తే మనిషికి 4 చదరపు అడుగులు. పైపై లెక్కే అనుకోండి. గోడలు, స్తంభాలు, బలిపీఠం ఉన్న చోటు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. మన భోజనాల హాల్లో పంక్తిలో ఒకరికొకరు ఆనుకొని కూర్చుంటే ఒక్కొక్కరికి ఎంత చోటు వస్తుందో అంత. పండుగ రోజు ఆ హాలు ఎలా కిక్కిరిసి ఉంటుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడ పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళకు ఒక హెచ్చరిక. "మెదక్ చర్చి ప్రపంచంలోనే రెండో పెద్ద చర్చి" అని కొన్ని గైడ్లలో ఉంటుంది, అది తప్పు. గోవాలోని సే కెథడ్రల్ ఒక్కటి చూసినా పొడవు సుమారు 250 అడుగులు, వెడల్పు సుమారు 180 అడుగులు ఉంటుంది. మెదక్ గురించి "పెద్దది" అని చెప్పే మాట అసలు డయోసిస్ గురించి, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నిటి మండలం గురించి. అది నోటికి నోటికి మారి కట్టడం మీదికి వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో కొన్ని సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. అప్పటి నుంచి మెదక్ చర్చి బిషప్ పీఠం. కెథడ్రల్ అనే మాటకు మూలం 'కుర్చీ' అని అర్థమిచ్చే గ్రీకు పదం. బిషప్ కుర్చీ ఉన్న చర్చే కెథడ్రల్.

లోపలి అలంకరణ

నేల: లోపలికి అడుగు పెట్టగానే చూపు కిందికే పోతుంది. విదేశాల నుంచి తెప్పించిన ఆరు రంగుల మొజాయిక్ టైల్స్‌ను ఇటలీ మేస్త్రీల చేత పరిపించారు. వందేళ్ళుగా లక్షలమంది నడిచిన నేల అది.

స్తంభాలు: కట్టడం తెల్ల గ్రానైటుతో కట్టింది. లోపల గ్యాలరీని మోసే స్తంభాలు మాత్రం బూడిద రంగు రాతివి. నున్నగా చెక్కిన వాటి మీద చేయి వేస్తే చల్లగా తగులుతుంది. గ్రానైటు మన తెలంగాణ నేలలో దొరికే అతి గట్టి రాయి. పగలగొట్టడమే కష్టం, నున్నగా చెక్కడం ఇంకా కష్టం. ఊళ్ళో రాయి కొట్టే పని చూసినవాళ్ళకు ఈ స్తంభాల విలువ తొందరగా అర్థమవుతుంది.

పైకప్పు: రాతి హాల్లో గట్టిగా మాట్లాడితే మాట ప్రతిధ్వనిస్తుంది. ఒక మాట ఆగకముందే ఇంకో మాట మీద పడి ఏదీ అర్థం కాదు. ఈ చర్చి తెరిచిన రోజుల్లో పల్లెల్లో మైకులు లేవు. అందుకని పైకప్పులో స్పాంజిలాంటి బోలు పదార్థం వాడి శబ్దాన్ని పీల్చుకునేలా చేశారు. చివర కూర్చున్న ముసలమ్మకు కూడా ప్రసంగం వినపడాలి కదా! అంటే ఈ కప్పు చూడటానికే కాదు, వినడానికీ కట్టింది.

రంగు గాజు కిటికీలు: ఈ చర్చి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి ఇవే. మూడు పెద్ద కిటికీలు. ఉత్తరాన బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, పడమట జననం, తూర్పున శిలువ మరణం. వీటిని ఒకేసారి పెట్టలేదు. ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో వచ్చాయి. మొదటి రెండూ వచ్చేటప్పటికి మెదక్ ఇంకా నిజాం రాజ్యంలోనే ఉంది. మూడోది వచ్చేటప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళయింది. మూడు కిటికీలు పూర్తి కావడానికి 31 ఏళ్ళు పట్టింది.

రంగు గాజు కిటికీ ఎలా చేస్తారు?

చాలామంది ఇది గాజు మీద రంగు పూయడం అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. నిజానికి రంగు గాజులోనే ఉంటుంది. గాజు కరిగి ఉన్నప్పుడు లోహాల లవణాలు కలుపుతారు. కోబాల్టు కలిపితే నీలం, మాంగనీసు కలిపితే ఊదా, రాగితో ఆకుపచ్చ లేదా ఎరుపు, అతి కొద్దిగా బంగారం కలిపితే గులాబీ ఎరుపు వస్తాయి.

తర్వాత చిత్రకారుడు కిటికీ ఎంత ఉందో అంత పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తాడు. ఆ గీతల ప్రకారం రంగు గాజులను ముక్కలు ముక్కలుగా కోస్తారు. ముఖం, చేతివేళ్ళు, బట్టల మడతలు వంటి సన్నని గీతలను నల్లటి రంగుతో గాజు మీద గీసి బట్టీలో కాలుస్తారు. అప్పుడు ఆ గీత గాజులో కలిసిపోతుంది, కడిగినా పోదు. పసుపు రంగు కోసం వెండి లవణం పూసి కాల్చే పద్ధతి ఉంది. చివరగా ముక్కలన్నిటినీ సీసపు పట్టీల మధ్య ఇరికించి, పట్టీలు కలిసే చోట టంకం వేసి, సందుల్లో లప్పం నింపుతారు. దూరం నుంచి మనకు నల్లటి గీతల్లా కనిపించేవి ఈ సీసపు పట్టీలే.

ఈ కిటికీలకు బొమ్మలు గీసింది ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడు (1874–1962). రాజుల చిత్రాలు, పట్టాభిషేక చిత్రాలు గీసి పేరు పొందాడు. ఆయన తండ్రి పైపుల పని, ఇంటికి రంగులు వేసే పని చేస్తూ ఇనుప సామాను అమ్మేవాడు. పదకొండుమంది పిల్లలు. చిన్నప్పుడు ఆరోగ్యం బాగోక సాలిస్‌బరీ సరిగ్గా బడికి కూడా వెళ్ళలేదు, అక్క దగ్గర ఇంట్లోనే చదువుకున్నాడు. పదిహేనేళ్ళకు అన్న నడిపే రంగు గాజుల కార్ఖానాలో పనికి చేరాడు. పనివాడిగా మొదలై అంత దూరం పోయాడు. ఈ ఒక్క విషయం తెలిసినప్పుడు మా నలుగురికీ ఆ కిటికీలు కొంచెం దగ్గరివాళ్ళవిగా అనిపించాయి.

సూర్యుడు చేసే పని

గాజు కిటికీకి సగం పని సూర్యుడిదే. తూర్పున ఉన్న శిలువ దృశ్యం ఉదయం ఎండకు వెలుగుతుంది. పడమటి జనన దృశ్యం సాయంత్రం వెలుగుతుంది. ఉత్తరపు కిటికీ మీద ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ పడదు, అందుకే ఆరోహణ దృశ్యంలో పగలంతా వెలుగు ఒకేలా ఉంటుంది. మెదక్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి మే రెండో వారం నుంచి జులై చివరి వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా నడినెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. భూగోళం పాఠంలో కర్కట రేఖ గురించి బట్టీ పట్టిన మాట ఒక కిటికీ ముందు నిలబడితే అర్థమైపోతుంది.

సూర్యుడు అస్తమిస్తే మాత్రం లోపల ఎన్ని దీపాలు పెట్టినా ఈ బొమ్మలు లోపలివాళ్ళకు కనిపించవు. అందుకే చూడాలనుకునేవాళ్ళు పగటిపూటే వెళ్ళాలి.

లోపలికి వెళ్తేనే కనిపించేది

మేము వెళ్ళిన రోజు ముందు చర్చి చుట్టూ తిరిగాం. బయటి నుంచి ఆ కిటికీలు చూసి మాలో ఒకడు, "ఇదేందిరా, ఇంత దూరం వచ్చింది ఈ నల్ల గాజు చూడటానికా?" అన్నాడు. నిజంగానే పగటిపూట బయటి నుంచి చూస్తే మాసిపోయిన నల్లటి గాజులా ఉంది. ఒక్క రంగు కనిపించలేదు. చెప్పులు విప్పి గడప దాటి లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే నీలం, ఎరుపు, పసుపు! ఆ మాట అన్నవాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చీకటి లోపల, వెలుగు బయట ఉన్నప్పుడే రంగు గాజు కనిపిస్తుంది. ఇది భౌతికశాస్త్రం. కానీ దీనిలో ఒక సామాజిక విషయం కూడా ఉంది. ఈ అలంకరణ లోపలికి రానిచ్చిన వాళ్ళకు మాత్రమే కనిపిస్తుంది. వందేళ్ళ కింద ఈ ప్రాంతంలో లోపలికి ఎవరిని రానిచ్చేవారు? మెదక్ పల్లెల్లో ఈ మిషన్‌ను ఎక్కువగా నమ్ముకున్నది మాల, మాదిగ కుటుంబాలు. ఊరి గుడి గడప తొక్కనివ్వని కాలం. బావిలో చేద వేయనివ్వని కాలం. అంటరానితనం రద్దు అని చెప్పే రాజ్యాంగం 17వ అధికరణం అమల్లోకి వచ్చింది 1950లో. దానికి పాతికేళ్ళ ముందే, పల్లెల్లో వెలివాడల నుంచి వచ్చిన మనుషులు ఆరు రంగుల నేల మీద అడుగు పెట్టి, తల ఎత్తి చూశారు. అక్షరం రానివాళ్ళకు కూడా కథ తెలిసేలా ఆ కిటికీలు ఉన్నాయి. సికింద్రాబాద్ దండు చర్చి దొర కోసం కట్టింది. ఇక్కడ రాయి మోసే మనిషి, మోసిన తర్వాత లోపలికి రాగలిగాడు. తేడా అదే.

అంతమాత్రాన అన్నీ సమానమైపోయాయని మేము చెప్పడం లేదు. కులం చర్చి లోపలికి కూడా వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పేర్ల విషయంలోనూ అంతే. మేము చదివిన పుస్తకాలన్నిటిలో పోస్నెట్ పేరు ఉంది, నమూనా గీసిన సంస్థ పేరు ఉంది, సాలిస్‌బరీ పేరు ఉంది. పదేళ్ళు తట్టలు మోసిన ఆడవాళ్ళు, గ్రానైటు చెక్కిన మనుషులు 'జనం' అనే ఒక్క మాటలో ఉన్నారు. వాళ్ళు మన తాతల తాతలు కావచ్చు. ఆ స్తంభం మీద చేయి వేసినప్పుడు మాకు వచ్చిన ఆలోచన ఇదే.

తమ్ముళ్ళకు, అన్నలకు మా మనవి

తిరిగి వచ్చిన మరుసటి ఆదివారం మేము సెయింట్ మేరీస్ చర్చి లోపలికి కూడా వెళ్ళాం. ఎవరూ ఆపలేదు. ఇన్నేళ్ళు ఆపింది మన జంకే. చర్చి అయినా, మ్యూజియం అయినా, యూనివర్సిటీ లైబ్రరీ అయినా, కలెక్టరు ఆఫీసు అయినా బయటి నుంచి చూసి నల్ల గాజు అనుకొని వెనక్కి రావద్దు. గడప దాటి చూడండి.

రెండో మనవి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు నాయనమ్మ, అమ్మమ్మ, తాతల దగ్గర కూర్చొని ఏ చెరువు తవ్వారో, ఏ రోడ్డు వేశారో, ఏ కట్టడానికి రాయి మోశారో అడిగి పేర్లతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. పాత విద్యార్థులైన అన్నలు తమ ఊళ్ళ సంగతులు రాసి పంపితే వచ్చే సంచికలో వేద్దాం. ఆ పేర్లు మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. సెయింట్ జాన్స్ చర్చి, సికింద్రాబాద్ – 1813. హోలీ ట్రినిటీ, బొల్లారం – 1847. సెయింట్ మేరీస్ – 1850 (బసిలికా హోదా 2008). ఆల్ సెయింట్స్, తిరుమలగిరి – 1860.
2. మెదక్ చర్చి నిర్మాణం 1914–1924. ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25. కట్టించినవారు చార్లెస్ వాకర్ పోస్నెట్.
3. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం 175 అడుగులు.
4. కిటికీలు: ఆరోహణం (ఉత్తరం, 1927), జననం (పడమర, 1947), శిలువ మరణం (తూర్పు, 1958), చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ.
5. సి.ఎస్.ఐ. ఏర్పాటు: 1947 సెప్టెంబరు 27, మద్రాసు.
6. హైదరాబాద్ నుంచి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. మెదక్‌కు రైలు మార్గం 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది.

అందరూ బాగా చదవాలని, చదివినది వెళ్ళి చూడాలని, చూసినది రాయాలని కోరుకుంటూ సెలవు.